గుత్తి దుర్గము – దాని యజమానులు

అనంతపురానికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో గుత్తి ఉన్నది. రైలులో వచ్చినా, హైదరాబాదు–బెంగుళూరు రోడ్డు మీద వచ్చినా, ప్రయాణికునికి ఊరి కంటే ముందు కొండ, కొండతో పాటే దాని నడుముకు చుట్టిన గోడలు కనిపిస్తాయి. చుట్టుపట్ల నేల మీద నుంచి కొండ సుమారు వెయ్యి అడుగుల ఎత్తు లేచి ఉన్నది. మనలో అనేకులు ఈ దారిన వందసార్లు పోయి ఉంటారు. కిటికీలోంచి ఒకసారి చూసి, "మురారిరావు కోట" అని పక్కవారితో ఒక మాట అని, మళ్లీ సంభాషణలో పడిపోతాము.

శతవార్షిక సంచికలో కోట గురించి వ్రాయడమేమిటని కొందరు అడుగవచ్చు. కోటకు ఎక్కే దారి మొదట్లో, కొండ పాదం దగ్గర, ఒక చిన్న క్రైస్తవ శ్మశానవాటిక ఉన్నది. అందులో పూడ్చిన ఒక మనిషి అస్థికలు తరువాత మద్రాసు సెంట్ మేరీస్ దేవాలయానికి వెళ్లాయి. ఆ మనిషి సంగతి చెప్పాలంటే ముందు కొండ సంగతి చెప్పాలి. కొండ సంగతి చెప్పాలంటే నీళ్ల సంగతి చెప్పక తప్పదు.

కోట అనగానే మనకు యుద్ధం గుర్తుకు వస్తుంది. కాని సంవత్సరంలో అధిక దినాలు కోట ఒక ఇల్లే. అక్కడ వంట వండుకున్నారు, గుర్రాలకు దాణా పెట్టారు, ధాన్యం కొట్లకెత్తారు, పిల్లలను కన్నారు. మామూలు ఇంటికైతే దస్తావేజు ఉంటుంది, అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు, నాలుగు హద్దులు వ్రాసి ఉంటాయి. ఈ ఇంటికి దస్తావేజులు లేవు. పాత యజమాని దిగిపోవడము, కొత్త యజమాని ఎక్కడము, అంతే.

మొదటి యజమాని ఎవరో చెప్పే సాక్ష్యం కొండ మీది బండల మీదనే ఉన్నది. ఇక్కడి పాత శాసనాలలో పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలపువి ఉన్నాయి. ఆయన 1076 నుంచి 1126 వరకు కల్యాణి నుంచి పాలించినవాడు. శాసనాల భాష కన్నడము. తెలుగు ఊరిలో కన్నడ శాసనమేమని ఆశ్చర్యపడనక్కరలేదు. ఈ సీమలో రెండు భాషలూ ఎప్పుడూ ఒకే బావిలో నీళ్లు తోడుకున్నాయి. గుత్తి 1882 వరకు బళ్లారి జిల్లాలోనే ఉండేదన్న సంగతి కూడా ఇక్కడ జ్ఞాపకం చేసుకోవచ్చు. ఆ సంవత్సరమే బళ్లారిని విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు.

తరువాత విజయనగర ప్రభువుల వంతు. బుక్కరాయల కాలపు సంస్కృత శాసనము ఒకటి ఈ దుర్గాన్ని దుర్గాలకే రాజుగా పొగడి, బుక్కరాయల సార్వభౌమత్వమనే చక్రానికి ఇది నడిమి కుండ వంటిదని వర్ణించినది. ఆస్థాన కవులు గోరంతను కొండంత చేస్తారనే మాట నిజమే. కాని ఈ పోలికలో అతిశయోక్తి తక్కువ. హంపీ నుంచి తూర్పుకు, దక్షిణానికి పోయే దారులను కాచుకోవాలంటే ఈ కొండను మించినది ఈ చుట్టుపట్ల లేదు.

కోట కట్టడము గురించి కొంచెం చెప్పాలి. కొండ గవ్వ ఆకారంలో ఉంటుందని అంటారు. ప్రాకారం వెనుక ప్రాకారం, మలుపు మలుపునా ద్వారం. మొత్తం 15 ద్వారాలని లెక్క చెబుతారు. ఒక ద్వారం విరిచి లోపలికి వచ్చిన శత్రువు నేరుగా ముందుకు పోలేడు. గోడ వెంబడి పక్కకు తిరిగి, పైనున్నవారి రాళ్లకు, గుండ్లకు ఒళ్లప్పగించి, రెండవ ద్వారం వెతుక్కోవాలి. పైన ధాన్యపు కొట్లు, మందుగుండు దాచిన గదులు, చిన్న మంటపాలు శిథిలమై ఉన్నాయి. కొండ మీద 108 బావులున్నాయని స్థానికులు చెబుతారు. ఎవరు లెక్కపెట్టారో గాని, ఆ పుణ్యసంఖ్య చూస్తే లెక్క కంటే భక్తే ఎక్కువనిపిస్తుంది. అయితే అన్ని చోట్ల నీటి కోసం రాతిని తొలిచారన్నది మాత్రం కళ్లకు కనిపించే విషయమే.

ఎందుకు తొలిచారు? ఈ జిల్లాకు ఏడాదికి వచ్చే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే తమ బరువు దించుకుని, ఇక్కడికి వట్టి గాలిగా వస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలో కురిసి, ఇక్కడికి చేరేసరికి అలసిపోతాయి. ఆ వచ్చే కొద్ది వాన కూడా నల్లరాతి కొండ మీద పడితే నిలవదు, జారిపోతుంది. మట్టి ఉన్న చోట భూమి నీటిని తాగి దాచి, తరువాత ఊటగా ఇస్తుంది. రాయి అలా చేయదు. అందుచేత కొండ మీద ఉండదలచినవాడు వాన కురిసిన నాలుగు రోజులలోనే ఏడాది నీటిని పట్టుకోవాలి. గండి ఉన్న చోట గోడ కట్టి, పల్లంలో రాతిని తొలిచి, సున్నం పూసి, నీరు నిలబెట్టాలి. ఆ నీరు ఎన్నాళ్లు వస్తుందో పైనున్న తలల సంఖ్యను బట్టి ఉంటుంది. పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

1565లో విజయనగరం పడిపోయిన తరువాత ఈ సీమ కొంతకాలం పెనుకొండ, చంద్రగిరి రాయల పేరున సాగి, పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల చేతిలోకి పోయినది. 1687లో గోల్కొండే ఔరంగజేబు వశమైనది. ఈ యజమానులు కొండ మీద కాపురము చేయలేదు, కిల్లేదారులను పెట్టి కప్పం తీసుకున్నారు. అద్దెకిచ్చిన ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉండి ఉంటుంది. ఇక్కడే కాపురముండాలని వచ్చినవాడు మురారిరావు ఘోర్పడే.

ఘోర్పడేలు మరాఠా సర్దారులు. మరాఠీలో ఘోర్పడ అంటే ఉడుము. ఆ వంశపు పూర్వికుడొకడు ఉడుము నడుముకు తాడు కట్టి, కోటగోడ మీదికి విసిరి, ఆ తాడు పట్టుకుని ఎక్కాడని, అందువల్ల ఆ పేరు వచ్చినదని కథ. మురారిరావు చరిత్ర చూస్తే ఆ పేరు తగినదే అనిపిస్తుంది. 1741లో మరాఠాలు చందాసాహెబు చేతినుంచి తిరుచునాపల్లిని పట్టుకున్నప్పుడు దానిని కాపాడే బాధ్యత ఇతనిదే. 1743లో నిజాముల్ముల్కు పెద్ద సైన్యంతో వచ్చి ఆ కోట తీసుకున్నాడు. ఒక ఇల్లు పోయినవాడు ఇంకొక ఇల్లు వెతుక్కుంటాడు గదా. ఆ శతాబ్దం నడుమ నాటికి గుత్తి అతని ముఖ్యస్థానమైనది.

అతని గుర్రపుదళము ఆ రోజులలో దక్షిణాదిలో పేరు పొందినది. డబ్బిచ్చినవారి పక్షాన యుద్ధం చేసేవాడు. ఇందులో దాపరికమేమీ లేదు, అది ఆనాటి వృత్తి. 1751లో క్లైవు కొద్దిపాటి సిపాయిలతో ఆర్కాటు కోటలో చిక్కుకుని యాభై రోజులు ముట్టడిలో ఉన్నప్పుడు, మురారిరావు ఆరువేల గుర్రాలతో దూరాన దిగి, గెలుపు ఎటు మొగ్గుతుందో చూస్తూ కూర్చున్నాడు. లోపలివారు లొంగరని తేలిన తరువాత వారివైపు కదిలాడు. అతని రాక విని ముట్టడిదారులు తొందరపడి లగ్గలెక్కి, ఓడి, లేచిపోయారు. ఆంగ్ల చరిత్రకారులు ఆర్కాటును క్లైవు ఒక్కడి ఘనతగా చెబుతారు. గుత్తివాళ్ల గుర్రాల చప్పుడు కూడా అందులో కొంత పని చేసినదని మనం చెప్పుకోవడంలో తప్పు లేదు. 1768లో కంపెనీకి, హైదరు అలీకి యుద్ధం జరుగుతుండగా కూడా అతడు కంపెనీ పక్షాననే ఉన్నాడు. ఒక రాత్రి హైదరు సైన్యం తన విడిది మీద పడినప్పుడు, తనవారెవరూ గుర్రమెక్కవద్దని, గుర్రం మీద కనిపించిన ప్రతివాడూ శత్రువేనని ఆజ్ఞ ఇచ్చి, చీకటిలోనే వారిని తరిమివేశాడట. హైదరు ఈ అవమానాన్ని మరచిపోలేదు.

కొండ అంచున, నిట్రమైన లోయ మీద, సున్నంతో నునుపు చేసిన ఒక చిన్న మంటపము ఉన్నది. దానిని మురారిరావు గద్దె అంటారు. అక్కడ కూర్చుని చదరంగమాడుతూ, ఉయ్యాల ఊగుతూ, ఖైదీలను కింది బండల మీదికి తోయిస్తుంటే చూసేవాడని చెబుతారు. ఎక్కినవారందరికీ ముందుగా చెప్పే కథ ఇదే. నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు. ఏ కొండకోటకు పోయినా ఇలాంటి అంచు ఒకటి, ఇలాంటి కథ ఒకటి ఉంటాయి. మైసూరు సీమలోని నందికొండలో ఇదే కథను టిప్పు పేరున చెబుతారు. ఆ మంటపంలో కూర్చుంటే సాయంకాలం గాలి బాగా వీస్తుంది, నాలుగు దిక్కులా ఎవరు వస్తున్నారో కనిపిస్తుంది. యజమాని అక్కడ కూర్చోవడానికి ఆ రెండు కారణాలూ చాలు.

అక్కడినుంచి చూడగా చూడగా 1776లో హైదరు అలీ రానే వచ్చాడు. ఈ ముట్టడి గురించి మార్కు విల్క్సు తన మైసూరు చరిత్రలో వివరంగా వ్రాశాడు. కింది ఊరు, దిగువ కోట ముందుగా పడిపోయాయి. మురారిరావు తన మనుషులతో, గుర్రాలతో, పశువులతో పై కోటకు చేరుకున్నాడు. గోడలు చెక్కు చెదరలేదు. ఫిరంగులకు అందని ఎత్తు. పూనా నుంచి సహాయం వస్తుందని ఆశ. కాని పూనాలో అప్పుడు రఘునాథరావు తగాదా, కంపెనీతో యుద్ధం నడుస్తున్నాయి, గుత్తి వైపు చూసే తీరిక వారికెక్కడిది? ఆర్కాటులో తాము పొందిన సహాయాన్ని ఇంగ్లీషువారూ తలచుకోలేదు. ఇక్కడ పైన తలలెక్కువ, నీళ్లు తక్కువ.

సంధి మాటలు మొదలైనాయి. పన్నెండు లక్షలకు బేరం కుదిరింది. కొంత సొమ్ము, వెండి, నగలు ఇచ్చి, మిగతాదానికి హామీగా ఒక యువకుణ్ణి హైదరు శిబిరానికి పంపారు. హైదరు ఆ కుర్రవాణ్ణి ఆదరించి, విందు పెట్టించి, మాటలలో పెట్టించాడు. ఆ ముచ్చట్లలో కుర్రవాని నోట నిజం జారిపోయింది: కొండ మీద నీళ్లు ఇక మూడు రోజులకు మించి లేవు, లేకపోతే మేము ఈ షరతులకు ఒప్పుకునేవాళ్లమా అన్నాడు. హైదరుకు ఇంకేమి కావాలి? పంపిన నగల విలువ తక్కువగా ఉన్నదని పేచీ పెట్టి, మళ్లీ దారులు బిగించాడు. ఆ తరువాత ఫిరంగి పేల్చవలసిన అవసరమే రాలేదు. 15 ద్వారాల కోట దాహానికి తలుపు తెరిచింది.

మురారిరావును మైసూరు సీమలోని కబ్బాళదుర్గానికి పంపారు. అదొక చెరసాల కొండ. అక్కడి గాలి, అక్కడి నీరు మనిషిని బ్రతకనివ్వవని ప్రతీతి. 1734లో మైసూరు రాజు చామరాజ ఒడయరును కూడా అక్కడనే బంధించగా ఆయన అక్కడనే మరణించాడు. ఇంట్లో నీళ్లు లేక దిగివచ్చిన మురారిరావు, చెడ్డనీళ్ల కొండ మీద ప్రాణం విడిచాడు. ఘోర్పడే వంశము మాత్రం సండూరులో నిలిచి, చిన్న సంస్థానంగా 1949 వరకు కొనసాగినది.

హైదరు తరువాత టిప్పు సుల్తాను. ఆయనకు ఊళ్ల పేర్లు మార్చడమంటే మక్కువ. గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టాడు. ఇక్కడి టంకశాలలో కొట్టిన నాణేల మీద ఆ పేరే ఉన్నది. నాణేలు మిగిలాయి గాని పేరు మిగలలేదు. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు పడిపోగానే ఊరు తన పాతపేరుకు వచ్చినది. పంపకాలలో గుత్తి నిజాము వాటాకు పోయినది. నిజాముకు తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు మోయడం కష్టమైనది. అందుచేత 1792లోను, 1799లోను తనకు వచ్చిన సీమలను 1800 అక్టోబరులో కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చినది. ఇంకొకరు ఇచ్చేశారన్న అర్థమున్న ఆ పేరు నచ్చక, 1928 నంద్యాల సభలో మనవారు రాయలసీమ అని పెట్టుకున్నారు. అనంతపురం కళాశాలలో పనిచేసిన చిలుకూరి నారాయణరావుగారి సూచన అది.

కంపెనీ పంపిన ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. గ్లాస్గోలో 1761లో పుట్టి, 1780లో మద్రాసులో సైనికుడుగా దిగి, హైదరు సైన్యంతో పోరాడినవాడు. అనంతపురాన్ని ముఖ్యస్థానంగా చేసుకొని, 1800 నుంచి 1807 వరకు ఈ సీమను ఏలాడు. ఏలాడనడం కంటే తిరిగాడనడం సరి. ఆయన ఇల్లు డేరా. అప్పటికి ఈ సీమలో సుమారు 80 మంది పాలెగాళ్లు, వారి కింద 30,000 మంది ఆయుధధారులు ఉన్నారని చెబుతారు. చిన్న చిన్న బురుజుల యజమానులు వారు. వారిలో కొందరిని భరణంతో ఇంట కూర్చోబెట్టి, ఎదిరించినవారిని తరిమి, మన్రో పని సాగించాడు. ఇందులో జరిగిన కాఠిన్యాన్ని మనవాళ్లు మరువలేదు, మరువనవసరమూ లేదు.

ఆయన చేసిన పెద్ద పని కోటలకు సంబంధించినది కాదు, పొలాలకు సంబంధించినది. పొలం పొలం కొలిపించి, సాగుచేసే రైతు పేరున పట్టా వ్రాయించాడు. కొండకు ఎన్నడూ లేని దస్తావేజు కొండ కింది చేనికి వచ్చినది. కాని శిస్తు బరువుగా ఉన్నదని ఆయనకే తెలుసు. 1807లో వెళ్లిపోయేముందు అన్ని భూముల మీద నూటికి 25 వంతులు తగ్గించాలని, సొంత ఖర్చుతో బావులను బాగుచేసుకునే రైతుల భూములకు మరి 8 వంతులు తగ్గించాలని సిఫారసు చేశాడు. అప్పుడు పైవారు అంగీకరించలేదు. గ్రామాలను మూడేళ్లకు, తరువాత పదేళ్లకు గుత్తకిచ్చి, రైతులను చితకగొట్టారు. 1820లో మన్రో గవర్నరై వచ్చిన తరువాత గాని రైతువారీ పద్ధతి తగ్గింపులతో తిరిగి రాలేదు. ఎడారి వంటి సీమలో బావి త్రవ్వినవానిని శిక్షించకూడదని ఆయన గ్రహించాడు. మురారిరావు కథ ఆయనకు తెలియనిది కాదు.

1827లో పదవి వదలి స్వదేశం పోయేముందు, తన పాతసీమను ఒకసారి చూసుకోవాలని బయలుదేరాడు. జూలై మొదటి వారంలో గుత్తి చేరాడు. శిబిరంలో అప్పటికే కలరా ఉన్నది. 6వ తేదీన పత్తికొండలో ఆయనకు తగిలి, ఆ రాత్రే మరణించాడు. మరునాడు శవాన్ని గుత్తికి తెచ్చి, కొండ పాదం దగ్గరి శ్మశానవాటికలో సమాధి చేశారు. కలరా గాలిలో వస్తుందని ఆనాటి వైద్యుల నమ్మకం. అది తాగునీటి వెంట వస్తుందని లండనులో జాన్ స్నో అనే వైద్యుడు నిరూపించినది 1854లో. ఈ కొండ నీడలో ఒకడు నీరు లేక ఓడిపోతే, ఇంకొకనిని చెడ్డనీటి జబ్బు తీసుకుపోయింది.

జనం మాత్రం వేరే కారణం చెప్పుకున్నారు. కడప జిల్లాలో గండి దగ్గర కొండల నడుమ బంగారు తోరణం ఉన్నదని, పుణ్యాత్ములకే కనబడుతుందని, చూసినవాడు కొద్దికాలంలో పోతాడని, మన్రో దొరకు అది కనబడిందని కథ. తెల్లదొరను కూడా తమ పుణ్యాత్ముల జాబితాలో చేర్చుకున్నారన్నమాట. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లు ఈ సీమలో ఉండేవి. శిస్తు వసూలు చేసినవాని పేరు బిడ్డకు పెట్టడమనేది సామాన్యంగా జరిగేది కాదు.

1831లో అస్థికలను త్రవ్వి తీసి, మద్రాసు సెంట్ జార్జి కోటలో 1680 నుంచి ఉన్న సెంట్ మేరీస్ దేవాలయంలో ఉంచారు. మొదట పూడ్చిన చోటు గుత్తిలోనే ఉన్నది. మద్రాసులో ఛాంట్రీ అనే శిల్పి చేసిన మన్రో అశ్వవిగ్రహము అందరికీ తెలిసినదే. రికాబులు లేని గుర్రమని పిల్లలు కూడా చెబుతారు. ప్రభుత్వంవారు ఇక్కడ ఆయన పేరున చేసినవి వేరు: గుత్తిలో బాటసారులకు సత్రము, పత్తికొండలో ఒక తోపు, మెట్లు కట్టిన దిగుడు బావి. కంచు గుర్రం కంటే ఇవే ఆయనకు తగిన గుర్తులని నా అభిప్రాయం.

కంపెనీవారికి కొండ మీద కాపురంతో పని లేకపోయినది. వారి కచేరీలు నేల మీద ఉన్నాయి. 1871లో మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలుదారి గుత్తి మీదుగా పడిన తరువాత, దారులు కాచే కోటకు ఆ పని కూడా పోయినది. అయిదేళ్లు తిరగకముందే 1876–78 నాటి పెద్ద కరువు వచ్చినది. 1871 జనాభా లెక్కలకు, 1881 లెక్కలకు నడుమ, గుత్తి కలిసి ఉన్న బళ్లారి జిల్లాలో జనం దాదాపు అయిదో వంతు తగ్గిపోయారు. ఆ కరువులో కోట ఎవరి చేతిలో ఉన్నదని అడిగినవాడు ఎవడూ ఉండడు.

ఇప్పటి యజమాని భారత ప్రభుత్వ పురావస్తు శాఖ. రక్షిత కట్టడము కనుక రాళ్లు కదిలించరాదు, గోడల మీద పేర్లు చెక్కరాదు. ఈ రెండవది మన కుర్రవాళ్లకు ఇంకా తెలియవలసి ఉన్నది. శిథిలమైన చోట్ల అడుగు చూసి వేయాలి, వాన పడినప్పుడు మెట్లు జారతాయి. ఎక్కదలచినవారు తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే దిగిరావడం మేలు. తాగడానికి నీళ్లు కిందనే నింపుకొని వెంట తీసుకుపోవాలి.